వాక్యూమ్ క్లీనర్ కొనే ముందు మీ నేల చూడండి



ఈ మధ్య మేము గృహ దర్శనాలకు వెళ్ళినచోటల్లా ఒక ప్రశ్న ఎదురవుతున్నది. "అయ్యగారూ, దుమ్ము లాగే మిషను కొందామనుకుంటున్నాం, ఏది మంచిదంటారు?" ఇరవై యేళ్ళ క్రితం మాకవరపాలెం పరిసరాల్లో ఈ ప్రశ్న అడిగేవారే లేరు. అప్పుడు తాటాకు ఇళ్ళు, పెంకుటిళ్ళు, పేడతో అలికిన నేలలు ఎక్కువ. ఇప్పుడు శ్లాబు ఇళ్ళు వచ్చాయి, టైల్సు పరిచారు, ముందు గదిలో సోఫా వేశారు. హైదరాబాదులోనో, గల్ఫులోనో పనిచేసే కుమారుడు పండుగకు వస్తూ అమ్మకోసం ఒక మిషను తెస్తున్నాడు. తెచ్చినవాటిలో చాలామట్టుకు అట్టపెట్టెలోనే బీరువా మీద కూర్చుని ఉన్నాయి. అందుకే ఈ మాసం ఈ సంగతి కొంచెం వివరంగా వ్రాయదలిచాము.

మిషను కంపెనీ ఏదని అడగకముందు ఇంటి నేల ఏదని అడగాలి. నేల అలికినదైతే మిషను మాట వదిలివేయండి. వాక్యూమ్ క్లీనరు దుమ్మును మాత్రమే తీసి నేలను విడిచిపెట్టదు, అలుకును కూడా పొడిపొడిగా లేపి తనలోకి లాక్కుంటుంది. నాలుగు రోజులకు లోపలి జల్లెడ మూసుకుపోతుంది, మోటారు వేడెక్కుతుంది. నేల మాత్రం ముందుకంటె గరుకుగా తయారవుతుంది. అలికిన నేలకు కొండచీపురును మించినది లేదు. సిమెంటు గచ్చు ఉన్న ఇంట్లో మిషను పనిచేస్తుంది గాని, ఆ పని చీపురు, తడిగుడ్డ కలిసి అంతకంటె చవకగా చేస్తాయి. టైల్సు విషయం కూడా దాదాపు అంతే. నున్నటి నేల మీద దుమ్ము ఎక్కడికీ దాగదు, తుడిస్తే వచ్చేస్తుంది. అసలు ఈ మిషను పుట్టినది చీపురుకు లొంగని తివాచీల కోసం. గోడనుండి గోడవరకు తివాచీ పరిచే చలిదేశాల్లో అది లేనిదే గడవదు. మన ఇళ్ళలో తివాచీలెన్ని?

చరిత్ర చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 1901లో లండనులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు దుమ్మును ఊదే యంత్రం ఒకటి చూచి, ఊదే బదులు పీల్చితే ఎలాగుంటుందని ఆలోచించాడు. ఆయన చేసిన యంత్రం గుర్రపు బండి మీద వచ్చేంత పెద్దది. అది వీధిలో నిలబడి ఉంటే పొడవాటి గొట్టాలు కిటికీల్లోనుండి ఇంట్లోకి లాగేవారు. 1902లో ఎడ్వర్డు రాజు పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ ఆబీలో తివాచీలను శుభ్రం చేసినది ఆ యంత్రమే. అది గొప్పవారి సంగతి.

మనకు దగ్గరగా ఉన్నది ఆ తరువాతి సంగతి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కాంటన్ అనే పట్టణంలో జేమ్స్ మర్రీ స్పాంగ్లర్ అనే ఆయన ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పనివాడు. ఆయనకు ఉబ్బసం. రోజూ తివాచీలు ఊడుస్తుంటే లేచే దుమ్ముకు ఊపిరి ఆడేది కాదు. పని మానితే జీవనం లేదు, పని చేస్తే ప్రాణం నిలవదు. 1907లో ఆయన ఒక ఫ్యాను మోటారు, చీపురు కర్ర, తలగడ గలేబు కలిపి, దుమ్మును సంచిలోకి పంపే చిన్న యంత్రం కట్టుకున్నాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది. గుర్రపు జీనుల వ్యాపారం చేసే హూవర్ అనే ఆయన ఆ హక్కును కొన్నాడు. తరువాత ఆ పేరు ప్రపంచమంతా తెలిసింది. ఒక్కడే ఎత్తి తోసుకోగల కరెంటు వాక్యూమ్ క్లీనరు ఇళ్ళలోకి వచ్చినది చీపురు దుమ్ముకు ఆయాసపడిన ఒక పనివాని చేతిలోనుండి. కనుక మీ ఇంట్లో మిషను అవసరమా కాదా అనేదానికి మేము చూచే మొదటి గుర్తు నేల, రెండవ గుర్తు దగ్గు. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉన్నదా? ఊడ్చే వేళకు తుమ్ములు, పిల్లికూతలు మొదలవుతున్నాయా? ఉంటే అప్పుడు మిషను సంగతి ఆలోచించవలసినదే.

మన మండలంలోనే ఒక కుటుంబం ఉన్నది. అత్తగారికి చాలాకాలంగా ఆయాసం. వరి నూర్పుల కాలం వచ్చేసరికి ఆమె మంచం దిగలేదు. కోడలు ఉదయాన్నే కొండచీపురుతో ఊడిస్తే ఆమె చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వసారాలో కూర్చునేది. కుమారుడు మిషను తెచ్చాడు. కోడలు దానితో నేల ఊడవబోయింది. అరగంట పట్టింది, తీగ కాళ్ళకు అడ్డం పడింది, చప్పుడుకు చంటిపిల్ల ఏడ్చింది. రెండు రోజులకు మిషను అటకెక్కింది. తరువాత వారిని పరీక్షించిన డాక్టరుగారు పరుపు, తలగడల సంగతి అడిగారట. అది బూరుగుదూది పరుపు, ఎన్నేళ్ళదో ఎవరికీ గుర్తులేదు. అప్పటినుండి నేలకు తడిగుడ్డ, మిషను వారానికి ఒకసారి పరుపుకు, మంచం పట్టెల సందులకు, కిటికీ జాలీకి మాత్రమే. కోడలు ఆ పని చేసేటప్పుడు అత్తగారు పొరుగింట్లో కూర్చుని గంట తరువాత వస్తుంది. ఆమెకు జబ్బు పోయిందని మేము చెప్పడంలేదు. రాత్రి నిద్ర పడుతున్నదని ఆమె చెప్పింది.

పరుపు ఎందుకు? ఇంటి దుమ్ములో కంటికి కనబడని అతి చిన్న పురుగులుంటాయి. మన ఒంటినుండి రాలే పొట్టు వాటికి ఆహారం. తేమ, వెచ్చదనం ఉన్నచోట, అనగా పరుపుల్లో, తలగడల్లో అవి పెరుగుతాయి. వాటి మలమే చాలామందికి ఉబ్బసాన్ని రేపుతుంది. మిషను వాటన్నిటినీ లాగివేయలేదు, పై దుమ్మును మాత్రం బాగా తగ్గిస్తుంది. దుప్పట్లను, గలేబులను వారానికొకసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికితే అవి చస్తాయి. పరుపును ఎర్రటి ఎండలో వేస్తే తేమ పోతుంది, తేమ పోతే అవి బ్రతకలేవు. ఎండకు మనకు కొదువ లేదు గదా! మిషను ఉన్నదని ఎండ మానకండి, డాక్టరుగారిచ్చిన ఇన్హేలరు అసలే మానకండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కట్టెల పొయ్యి పొగ ఇల్లంతా కమ్ముతుంటే, రాత్రంతా దోమల చుట్ట వెలుగుతుంటే, దుమ్ము మిషను కొనడంలో అర్థం లేదు. 1999లో దీపం పథకం వచ్చిన తరువాత గ్యాసు చాలా ఇళ్ళకు చేరింది గాని, సిలిండరును చుట్టాలొచ్చినప్పటికి దాచి రోజూ కట్టెల మీదే వండే గృహిణులు మా ఎరుకలో ఇంకా ఉన్నారు. ఆ మిషను డబ్బు గ్యాసుకు, దోమతెరకు పెట్టండి. ఊపిరికి అది ఎక్కువ మేలు.

సరే, అవసరమే అనుకున్నారు. ఏది కొనాలి? అమ్మేవారు ముందు వాట్లు చెబుతారు. 1600 వాట్లు, 2000 వాట్లు అని. వాట్లంటే మిషను తినే కరెంటు, లాగే శక్తి కాదు. ఎక్కువ తిన్న ఎద్దు ఎక్కువ దున్నుతుందని నియమం లేదు! ఐరోపా సమాఖ్య దేశాల్లో 2014 సెప్టెంబరు నుండి 1600 వాట్లు మించినవాటిని, 2017 సెప్టెంబరు నుండి 900 వాట్లు ఆ పైవాటిని ఇళ్ళ వాడకానికి కొత్తగా మార్కెట్టులోకి రానివ్వలేదు. అక్కడ తివాచీలు శుభ్రం కావడం ఆగిపోలేదు. లాగుడును పాస్కల్ అనే కొలతలో పెట్టె మీద వ్రాస్తారు, అది చూడండి. అంతకంటె మంచి పరీక్ష మీ ఇంట్లో మీ చేతులతో నడిపి చూడడం.

ఉబ్బసం కోసం కొనేవారికి లాగుడుకంటె జల్లెడ ముఖ్యం. మిషను ముందునుండి గాలి పీల్చి వెనుకనుండి వదులుతుంది. జల్లెడ మంచిది కాకపోతే పెద్ద దుమ్ము సంచిలో మిగిలి, అతి సన్నని దుమ్ము వెనుకనుండి గదిలోకే వస్తుంది. చీపురు లేపిన దుమ్ము కాసేపటికి నేలకు దిగుతుంది, ఇది గాలిలోనే తేలుతుంది. అంటే ఉబ్బసం ఉన్నవారికి చెడ్డ మిషను చీపురుకంటె హానికరం. హెపా అనే జల్లెడ ఉన్నదా అని అడగండి. హెపా అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో నూటికి 99.97 వంతులను ఆపేది. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని తెలిస్తే అదెంత సన్ననిదో అర్థమవుతుంది. "హెపా లాంటిది" అని వ్రాసి ఉంటే అది హెపా కాదు.

దుమ్ము చేరే చోటు కూడా చూడాలి. కొన్నింటికి గుడ్డ సంచి, కొన్నింటికి పారవేసే కాగితపు సంచి, కొన్నింటికి సంచి లేకుండా ప్లాస్టిక్ డబ్బా. ఈ డబ్బా పద్ధతి మీరు చూడనిది కాదు. రైసు మిల్లుల దగ్గర, కోత మిల్లుల దగ్గర గరాటులాంటి పెద్ద రేకు డబ్బా ఉంటుంది గదా, గాలి గిర్రున తిరిగి పొట్టును క్రిందికి రాల్చేది. ఇంగ్లాండులో జేమ్స్ డైసన్ అనే ఆయన కోత మిల్లులో దాన్నే చూచి, ఇంటి మిషనులో అమర్చడానికి 5,127 నమూనాలు చేశాడు. డబ్బాకు సంచుల ఖర్చు లేదు. కాని ఖాళీ చేసేటప్పుడు దుమ్ము గుప్పున ముఖం మీదికి లేస్తుంది. గుడ్డ సంచి దులిపినా అంతే. ఉబ్బసం ఉన్న ఇంటికి మూతిమూసి పారవేసే కాగితపు సంచి మంచిదని మా అభిప్రాయం, కొంచెం ఖర్చైనా సరే. ఏదైనా ఖాళీ చేసేవారు ఆరోగ్యవంతులై ఉండాలి, ఆ పని పెరట్లో చేయాలి.

తీగ లేని బ్యాటరీ మిషనులు చేతికి తేలిక. ధర ఎక్కువ, కొన్నేళ్ళకు బ్యాటరీ మార్చాలి, దాని ధర ముందే అడగండి. తనంతట తానే తిరిగే గుండ్రటి రోబోల గురించి కూడా యువకులు అడుగుతున్నారు. ప్రతి గదికి గడప ఉన్న మన ఇళ్ళలో అది మొదటి గడప దగ్గరే ఆగిపోతుంది. గడప దాటినా చాప అంచు, కోడిపిల్లలు!

తడి, పొడి రెండూ లాగే డ్రమ్ములాంటి మిషనులు వేరు. సభలు జరిగే హాలుకు, మందిరానికి, వాననీరు వచ్చే వరండాకు అవి పనికొస్తాయి. మామూలు పొడి మిషనుతో మాత్రం నీళ్ళు లాగకండి, కరెంటు తగులుతుంది. పొయ్యి బూడిద ఏ మిషనుతోనూ లాగకూడదు. ఒక్క నిప్పురవ్వ లోపలికి వెళితే సంచి అంటుకుంటుంది.

కరెంటు ఖర్చుకు భయపడనక్కరలేదు. 1200 వాట్ల మిషను ఇరవై నిమిషాలు నడిస్తే 0.4 యూనిట్టు. వారానికి ఒకసారైతే నెలకు రెండు యూనిట్లు కూడా కాదు. చూడవలసినది ప్లగ్గు. 1200 వాట్లకు సుమారు 5 ఆంపియర్లు కావాలి, 1600 వాట్లకు సుమారు 7. మన గదుల్లో ఉండే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. పెద్ద మిషనుకు 16 ఆంపియర్ల ప్లగ్గు, సరియైన ఎర్తింగు ఉండాలి. సెల్‌ఫోనుకు వాడే సన్నటి ఎక్స్‌టెన్షను తీగకు తగిలిస్తే అది కరుగుతుంది. వోల్టేజి తగ్గే వేళల్లో లాగుడూ తగ్గుతుంది, మిషను పాడైందనుకోకండి.

ఇక ఇంటికి వచ్చి చూపించి అమ్మే పద్ధతి. మన దేశంలో 1982లో మొదలైన యూరేకా ఫోర్బ్స్ సంస్థ ఈ యంత్రాన్ని గడపగడపకు తీసుకువెళ్ళి అమ్మి పేరు పొందింది. చూపించి అమ్మడంలో తప్పు లేదు, మనకది మేలే. గొట్టానికి నల్లగుడ్డ అడ్డం పెట్టి మీ పరుపు మీద తిప్పి, గుడ్డ మీద తెల్లని దుమ్ము చూపిస్తారు. గృహిణి సిగ్గుపడుతుంది, ఆ సిగ్గులో సంతకం పెట్టేస్తుంది. అమ్మా, సిగ్గుపడకండి. ఎవరి పరుపులోనైనా ఆ దుమ్ము ఉంటుంది. అదే నల్లగుడ్డను మిషను వెనుక గాలి వచ్చేచోట పది నిమిషాలు పెట్టమనండి. గుడ్డ మీద దుమ్ము పడినా, గదిలో మట్టివాసన వచ్చినా ఆ జల్లెడ మీకు పనికిరాదు. తరువాత మీ నవారు మంచం క్రింద, గది మూలలో, గచ్చు పగుళ్ళలో నడిపించమనండి. రోజూ ఊడ్చే మనిషి చేతికే ఇప్పించండి. కొనేది మగవారు, మోసేది ఆడవారు అయితే మిషను అటకెక్కుతుంది. సంచులు, జల్లెడలు నర్సీపట్నంలో దొరుకుతాయా, ప్రతిదానికి విశాఖపట్నం వెళ్ళాలా అనేది కాగితం మీద వ్రాయించుకోండి. కంతులైతే మొత్తం ఎంత కట్టాలో కూడబెట్టి చూడండి. నాలుగైదు వేలకు వచ్చే సామాన్యమైన మిషను పరుపుకు, బూజుకు చాలు. ఇరవై వేల మిషనుకు అప్పు చేయవలసిన అవసరం మాకు కనబడలేదు.

దగ్గు లేదు, తివాచీ లేదు, కాని ఊడ్చేవారికి నడుము నొప్పి అంటారా? ఇది మా సంఘంలో అన్నిటికంటె ఎక్కువగా విన్న మాట. ముప్ఫై యేళ్ళు వంగి ఊడ్చిన నడుములవి. వారికి మేము చెప్పేది మిషను కాదు, కర్ర. మన చీపుళ్ళు పొట్టివి కనుక వంగవలసి వస్తున్నది. చీపురుకు నిలువెత్తు వెదురు కర్ర బిగించి కట్టండి, వంగకుండానే ఊడ్చవచ్చు. మొదటి వారం చేతికి వింతగా ఉంటుంది, తరువాత విడిచిపెట్టరు. తడిగుడ్డకు కూడా కర్ర మాపు వాడండి. ఇంట్లో ఎదిగిన కుమారులుంటే వారి చేతికి కూడా ఆ కర్ర ఇవ్వవచ్చు, అది వారి చేతిలో విరగదు.

చీపురు ఎన్నుకోవడంలో కూడా తెలివి ఉన్నది. వాకిలికి కొబ్బరి ఈనెల చీపురు, గదికి కొండచీపురు. మనకు కొండచీపురు పాడేరు, చింతపల్లి కొండలనుండి వస్తుంది. గిరిజనులు ఆ గడ్డి కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకు తెస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కూడా వారి దగ్గర కొంటుంది. కొత్త కొండచీపురు కొన్నాళ్ళు సన్నటి పొట్టు రాలుస్తుంది, ఉబ్బసం వారికి అది మంచిది కాదు. పెరట్లో రాతికి కొట్టి, నీళ్ళలో ముంచి ఆరబెట్టి ఆ తరువాత ఇంట్లోకి తేవాలి. ఊడ్చేముందు నేల మీద కాసిని నీళ్ళు చిలకరించడం మన అమ్మమ్మల అలవాటు. దుమ్ము లేవకుండా ఉండడానికే అది.

మందిరాల సంగతి అడిగినవారున్నారు. వేదిక మీద తివాచీ ఉన్నచోట ఒక తడి పొడి మిషను సంఘమంతటికి కలిపి కొనుక్కుంటే మంచిదే. శనివారం సాయంత్రం తివాచీ దులిపే సహోదరీలు ఆ దుమ్మంతా మింగుతున్నారు. దాన్ని క్రిస్మసుకు ముందు బూజు దులిపే రోజుల్లో సంఘంలో ఉబ్బసం ఉన్న ఇళ్ళకు రోజుకొకరికి ఇవ్వవచ్చు. సున్నం గీకిన పొడి మాత్రం దానితో లాగించకండి, జల్లెడ ఒక్కరోజులో మూసుకుపోతుంది.

లూకా సువార్త 15వ అధ్యాయంలో నాణెం పోగొట్టుకున్న స్త్రీ దీపం వెలిగించి ఇల్లు ఊడ్చింది గదా. మిషనుతో ఊడ్చినట్లయితే నాణెం దొరికినట్టు ఆమెకు తెలిసేది కాదు, టక్కుమని సంచిలోకి పోయేది! ముక్కుపుడక, దిద్దు శీల కనబడకపోతే సంచిని పాత వార్తాపత్రిక మీద గుమ్మరించి వెదకండి.

మిషను కొన్నవారు జల్లెడను కడిగితే పూర్తిగా ఒకరోజు నీడన ఆరనివ్వాలి. తడి జల్లెడ పెట్టి నడిపితే బూజు వాసన వస్తుంది, మోటారు చెడుతుంది. కడగకూడదని వ్రాసిన జల్లెడను కడగకండి, మార్చండి. నల్లులున్న మంచం సందులు లాగిన తరువాత సంచిని వెంటనే మూటకట్టి దూరంగా పారవేయాలి. గొట్టం చుట్టి గోడకు మేకు మీద వ్రేలాడదీయండి, నేలమీద ఉంచితే ఎలుకలు కొరుకుతాయి. కొన్నేళ్ళ తరువాత మోటారునుండి నిప్పురవ్వలు, కాలిన వాసన వస్తే చాలాసార్లు అది కార్బన్ బ్రష్షుల అరుగుదల మాత్రమే. మిక్సీలు బాగుచేసే మన ఊరి మెకానిక్కు వాటిని మార్చగలడు. విశాఖపట్నం మోసుకువెళ్ళేముందు ఆయనకు ఒకసారి చూపించండి.